నింద లేకుండా బాధ్యత అడగవచ్చా?

1988లో బ్రిటన్‌లో గ్లిన్ లూయిస్, లూయిస్ ఆపిల్‌బై అనే ఇద్దరు పరిశోధకులు సైకియాట్రిస్టులకు ఒక రోగి కథ రాసి పంపారు. మనిషి దిగులుగా ఉన్నాడు, ఏడుస్తున్నాడు, చచ్చిపోవాలనిపిస్తోందంటున్నాడు. ఇతనికేమైంది, ఏం చేయాలి, ఇతని గురించి మీ అభిప్రాయమేమిటి? కథ అందరికీ దాదాపు ఒకటే. కొందరికి వెళ్లిన కాగితంలో మాత్రం ఒక ముక్క ఎక్కువుంది: ఇతనికి ‘పర్సనాలిటీ డిజార్డర్’ ఉందని ఇంతకుముందొక డాక్టరు రాశాడు. ఆ ముక్క చదివినవాళ్ల జవాబులు వేరేగా వచ్చాయి. ఇతను నలుగురి దృష్టి కోసం చేస్తున్నాడన్నారు, మనుషుల్ని ఆడించే రకమన్నారు, విసుగు తెప్పిస్తాడన్నారు. చావాలన్న కోరిక అతని అదుపులోనే ఉందన్నారు. వైద్యం అందుకోవడానికి మిగతావాళ్లంత అర్హుడు కాడన్నట్టు కూడా మార్కులు వేశారు. ఆ ఇద్దరూ తమ వ్యాసానికి డాక్టర్లకు గిట్టని రోగులన్న అర్థం వచ్చే పేరు పెట్టారు.

ఆ జవాబుల్లో వైద్యశాస్త్రం పాలు తక్కువ, తీర్పు పాలు ఎక్కువ. తీర్పు మొత్తం ‘అదుపులో ఉంది’ అన్న మాట మీద నిలబడింది. అదుపులో ఉంటే తప్పు, తప్పయితే కోపగించుకోవచ్చు. అదుపులో లేకపోతే జబ్బు, జబ్బయితే జాలిపడి మందిచ్చి పడుకోబెట్టాలి. ఈ రెండు గదుల్లో ఏదో ఒకదానిలోకి మనిషిని తోసేయడం బ్రిటన్ డాక్టర్లకే కాదు, అరుగు మీద కూర్చున్న పెద్దలకూ అలవాటే. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అనే బాధ ఈ రెండింట్లో దేనిలోనూ ఇమడదు. అందుకే అది వైద్యులతోపాటు తత్వవేత్తలనూ ఇబ్బంది పెడుతోంది.

బోర్డర్‌లైన్ అన్న మాటను 1938లో న్యూయార్క్ మనోవిశ్లేషకుడు అడాల్ఫ్ స్టెర్న్ వాడాడు. అప్పటి లెక్కలో మానసిక బాధలు రెండు రకాలు: మాట్లాడి నయం చేయగలిగేవి, మతి భ్రమించినవి. ఈ రోగులు ఆ రెంటి సరిహద్దులో ఉన్నారని ఆయన ఉద్దేశం. లెక్క మారిపోయినా పేరు నిలిచిపోయింది. 1980లో అమెరికన్ సైకియాట్రిస్టుల అధికారిక గ్రంథం డీఎస్ఎం మూడో కూర్పులో అది ఎక్కింది. ఇప్పటి కూర్పు తొమ్మిది లక్షణాలు చెబుతుంది: వదిలేసిపోతారన్న భయం, ఇవాళ దేవుడనుకున్నవాణ్ణి రేపు దయ్యమనుకునేంత ఊగిసలాడే సంబంధాలు, తానెవరో తనకే నిలకడగా తెలియకపోవడం, ముందూవెనకా చూడని దూకుడు, ఆత్మహత్యా ప్రయత్నాలు లేదా తనను తాను గాయపరచుకోవడం, గంటల్లో మారిపోయే మనసు, లోపలంతా ఖాళీ అనిపించడం, పట్టలేని కోపం, ఒత్తిడిలో అనుమానాలు లేదా ఈ లోకంలో లేనట్టుండటం. వీటిలో ఐదు ఉంటే చాలు. లెక్కగడితే ఈ జబ్బు 256 రకాల కలయికల్లో రావచ్చు. అంటే ఇదే పేరు మోస్తున్న ఇద్దరికి ఉమ్మడిగా ఒక్క లక్షణం మాత్రమే ఉండే వీలుంది.

జాబితా చదివితే జబ్బు అర్థం కాదు. ఒక సాయంత్రాన్ని ఊహించుకుంటే కొంత అర్థమవుతుంది. అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్న అమ్మాయి. ఆరున్నరకు స్నేహితురాలికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. మనకైతే ‘పనిలో ఉందేమో’ అనిపిస్తుంది. ఈ అమ్మాయికి పది నిమిషాల్లో పొట్టలో ముద్ద కట్టినట్టయింది. ‘నేనంటే విసుగొచ్చేసింది’ అన్న ఆలోచన వచ్చింది, వచ్చిన మరుక్షణం అది ఆలోచనగా కాక నిజంగా మారింది. ఏడుకల్లా వరసగా పన్నెండు మెసేజిలు: బతిమాలుతూ నాలుగు, నిలదీస్తూ ఐదు, తిడుతూ మూడు. తర్వాత బ్లాక్. తర్వాత బాత్రూమ్ గడియ పెట్టుకుని తనను తాను గాయపరచుకుంది. కాసేపు లోపలి గోల ఆగింది. తొమ్మిదింటికి రూమ్మేట్ ఫోన్‌కు కబురొచ్చింది: అవతలి అమ్మాయి తల్లికి ఒంట్లో బాలేక ఆస్పత్రిలో ఉంది. ఇక మొదలైంది అసలు నరకం. సిగ్గు.

ఈ అమ్మాయి తిట్టిన తిట్లు తప్పా, జబ్బు లక్షణాలా?

ఇంట్లోవాళ్ల దగ్గర జవాబులు తయారుగా ఉంటాయి. ‘నాటకాలు’, ‘బెదిరింపులు’, ‘తిక్క’, ‘పెళ్లి చేస్తే సర్దుకుంటుంది’. కొన్నిచోట్ల గాలి సోకిందంటారు, తాయెత్తు కడతారు. ఇవన్నీ అయిపోయాక మిగిలేది ‘కర్మ’. ఆ మాటను మనం రెండు పూర్తిగా ఎదురెదురు పనులకు వాడుకుంటాం. ‘వాళ్ల తలరాత అలా ఉంది, ఎవరేం చేస్తారు’ అన్నప్పుడు అది చేతులు దులుపుకోవడానికి. ‘చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత’ అన్నప్పుడు అది వేలెత్తి చూపడానికి. ఒకే సిద్ధాంతం పొద్దున సాకుగా, సాయంత్రం శిక్షగా పనికొస్తోంది. బాధపడుతున్న మనిషికి రెండు వాడకాల్లోనూ ఒరిగేదేమీ లేదు. మొదటిదాంట్లో ఆమె చేయగలిగేది లేదు, రెండోదాంట్లో ఆమె వైపు నిలబడేవాళ్లు లేరు.

శాస్త్రంలో ఆ మాటకు మరికాస్త లోతుంది. సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని మూడు విడదీస్తారు వేదాంతులు. కూడబెట్టినది, ఇప్పటికే ఫలించడం మొదలుపెట్టినది, ఇకమీదట చేరబోయేది. ప్రారబ్ధాన్ని అనుభవించక తప్పదు, ఆగామి మాత్రం ఈ క్షణపు చేష్టను బట్టి. ఈ విభజనలో వైద్యానికి పనికొచ్చే తెలివి ఉంది. చిక్కల్లా ఒక్కచోటే. ప్రారబ్ధం కూడా నువ్వు చేసుకున్నదేనంటుంది సిద్ధాంతం. బోర్డర్‌లైన్ విషయంలో ఆ మాట నిలబడటం కష్టం. 2019లో స్వీడన్ జనాభా రికార్డులతో చేసిన పెద్ద అధ్యయనం ఈ జబ్బుకు దారితీసే తేడాల్లో సుమారు 46 శాతం వంశపారంపర్యానివని తేల్చింది. మిగతాది పరిసరాలది. చాలామంది రోగుల చిన్నతనంలో హింసో నిర్లక్ష్యమో కనిపిస్తుంది. అందరిలోనూ కనిపించదు, ఆ సంగతీ మరిచిపోకూడదు. చురుక్కుమనే స్వభావంతో పుట్టిన పిల్ల, ఆమె ఏడ్చిన ప్రతిసారీ ‘దీనికేముందని ఏడుపు’ అనే ఇల్లు. ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటూ పోతే ఏమవుతుందన్నదే ఈ జబ్బు మీద ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. ఆ స్వభావాన్ని ఆ పిల్ల ఎంచుకోలేదు, ఆ ఇంటినీ ఎంచుకోలేదు.

ఈ వివరణ ఇచ్చినామె మార్షా లీనహన్. 1943లో ఓక్లహామా రాష్ట్రం టల్సాలో పుట్టింది. 1961లో పదిహేడేళ్ల వయసులో కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో ‘ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లివింగ్’ అనే మానసిక వైద్యశాలలో చేర్చారు. స్కిజోఫ్రీనియా అన్నారు. థొరజీన్ అనే మందిచ్చారు, కరెంటు షాకులిచ్చారు, ఒంటరి గదిలో పెట్టారు. తనను గాయపరచుకోవడానికి ఆ గదిలో వస్తువేమీ దొరక్క ఆమె తలను గోడకేసి కొట్టుకునేది. ఇరవయ్యారు నెలలు. 1963లో బయటికొచ్చాక రాత్రి కాలేజీలో చదువుకుంది, షికాగోలో లొయోలా విశ్వవిద్యాలయంలో 1971లో పీహెచ్‌డీ చేసింది. ఈ నరకం నుంచి బయటపడతాను, తిరిగొచ్చి మిగతావాళ్లను బయటికి లాగుతాను అని ఆస్పత్రిలో ఉండగా దేవుడి ముందు ఒట్టు పెట్టుకున్నానని ఆమె తర్వాత చెప్పింది. 2011 వరకూ ఈ కథ లోకానికి తెలియదు. సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు ప్రొఫెసర్‌గానే తెలుసు. ఆమె చేతుల మీది మచ్చలు చూసి ఒక రోగి, మీరూ మాలో ఒకరేనా అని అడిగిందట, అవునంటే మాకు ఆశ కలుగుతుందని. అరవై ఎనిమిదో ఏట, తనను బంధించిన ఆ హార్ట్‌ఫర్డ్ ఆస్పత్రిలోనే సభలో నిలబడి చెప్పేసింది.

ఆమె జీవితంలో మలుపు మందు వల్ల రాలేదు. ఆమె క్యాథలిక్ భక్తురాలు. 1967లో షికాగోలో ఒక ప్రార్థనామందిరంలో శిలువ ముందు మోకరిల్లి ఉండగా చోటంతా బంగారు వెలుగు నిండినట్టు, ఏదో తన వైపు వస్తున్నట్టు అనిపించింది. గదిలోకి పరిగెత్తి, నన్ను నేను ప్రేమిస్తున్నానని పైకి అంది. అంతవరకూ తనతో తాను మాట్లాడుకోవాలంటే ఎదుటి మనిషితో మాట్లాడినట్టే మాట్లాడేది, తనను ‘నేను’ అని పిలుచుకున్నది ఆ రోజే మొదటిసారని ఆమె జ్ఞాపకం. ఇది దైవానుభవమా, మెదడు చేసిన చిత్రమా అన్న వాదనలోకి దిగడం దండగ. ఆసక్తికరమైన సంగతి వేరే ఉంది. ఇంత అనుభవం కలిగిన మనిషి దాన్ని మతంగా ప్రచారం చేయలేదు. ఇది అందరికీ జరగదు, జరిగేదాకా కూర్చుంటే మనుషులు చచ్చిపోతారు, కాబట్టి దీన్ని మామూలు మనిషి మంగళవారం మధ్యాహ్నం సాధన చేయగలిగే పనులుగా ఎలా విడగొట్టాలి? శాస్త్రవేత్తగా ఆమె పట్టుకున్న పని అది.

మొదట రెండుసార్లు దెబ్బతింది. 1980ల తొలిరోజుల్లో మళ్లీమళ్లీ ఆత్మహత్యకు ప్రయత్నించిన స్త్రీలను చేరదీసి, ప్రవర్తనను మార్చే పద్ధతులు నేర్పబోయింది. ‘అంటే తప్పంతా నాదేనంటారా’ అని వాళ్లు మండిపడ్డారు, మానేశారు. సరే అని పద్ధతి మార్చి, వాళ్లు ఎలా ఉంటే అలాగే ఒప్పుకుని ఓదార్చింది. ‘నేను చచ్చిపోతున్నా మీరు వింటూ కూర్చుంటారా’ అన్నారు. ఇలాంటి చిక్కు మీదే శ్రీవైష్ణవుల్లో శతాబ్దాలుగా ఒక వాదు నడుస్తోంది. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా కరుచుకోవాలి, పిల్లిపిల్లను తల్లే నోట కరిచి మోసుకుపోతుంది. భగవంతుడి ముందు జీవుడు ఏ పిల్లలాంటివాడు? మర్కటకిశోర న్యాయమా, మార్జాలకిశోర న్యాయమా? లీనహన్ రోగులు మొదటి పద్ధతిలో పట్టుతప్పి పడిపోయారు, రెండో పద్ధతిలో తల్లి కదలకుండా కూర్చుండిపోయింది. చివరికి తేలిందేమంటే ఒకే గంటలో, ఒక్కోసారి ఒకే వాక్యంలో, రెండూ కావాలి. నువ్వు ఇప్పుడు చేయగలిగినంతా చేస్తున్నావు. ఇంతకన్నా బాగా చేయాలి. రెండూ నిజమే.

దీనికేం పేరు పెట్టాలో తోచక ఉంటే, భర్త మార్క్సిస్టు తత్వవేత్త అయిన ఆమె సహాయకురాలు ‘మీరు చేసేది డయలెక్టిక్స్ కదా’ అందట. డయలెక్టిక్స్ అంటే గతితర్కం, తెలుగునాట అది పార్టీ క్లాసుల్లో నేర్చుకునే సంగతి. అది తిరిగి తిరిగి ఆత్మహత్యల వార్డులోకి వచ్చి డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, పొట్టిగా డీబీటీ అయింది. ‘ఒప్పుకోవడం’ ఎలాగో నేర్చుకోవడానికి మాత్రం ఆమె జెన్ బౌద్ధం దగ్గరికి వెళ్లింది. ఉత్తర కాలిఫోర్నియాలో శాస్తా ఆశ్రమంలో కొన్నాళ్లు, తర్వాత జర్మనీలో విల్లిగిస్ యేగర్ దగ్గర. ఆయన బెనడిక్టిన్ సన్యాసి, జెన్ గురువు కూడా. రెండు పడవల మీద కాళ్లు పెట్టినందుకు చర్చి నుంచి మొట్టికాయలు తిన్నవాడు. జెన్ గురుపరంపర మన కృష్ణాతీరంతో పేరు ముడిపడిన నాగార్జునుణ్ణి తన పద్నాలుగో గురువుగా లెక్కపెడుతుంది. రెండు కొసల్లో దేన్నీ పట్టుకోవద్దన్న ఆయన మధ్యమ మార్గం చైనా, జపాన్ మీదుగా సియాటిల్ క్లినిక్‌కు చేరిందనడం మరీ అతిశయోక్తి కాదు.

ఇక్కడో తాత్విక గండం ఉంది. స్థిరమైన ‘నేను’ లేదని బౌద్ధం చెబుతుంది. ఈ రోగుల గోడు కూడా అదే కదా, స్థిరమైన నేను దొరకడం లేదని! అయితే వీళ్లంతా బుద్ధత్వానికి దగ్గరగా ఉన్నట్టా? అలా అనుకోవడం క్రూరమైన హాస్యం. భిక్షువు వదులుకునేది తనకున్నదాన్ని, దాన్ని పట్టుకుని వేలాడటంలోని భ్రమ తెలిశాక. రోగి చేతిలో పట్టుకోవడానికే ఏమీ లేదు. ఎదుటివాళ్ల మొహంలో తన రూపం వెతుక్కుంటుంది, ఆ మొహం తిప్పుకుంటే తాను మాయమైనట్టే. లీనహన్‌కు ఈ తేడా తెలుసు. గంటల తరబడి కళ్లు మూసుకుని కూర్చోమంటే వీళ్లు కూర్చోలేరనీ తెలుసు. అందుకే జెన్ మాటలన్నీ తీసేసింది. శ్వాస చూడు, చేస్తున్న గిన్నెల పని చూడు, కోపం వస్తే ‘కోపం వచ్చింది’ అని పేరు పెట్టు, తీర్పు చెప్పకు. ఇప్పుడు లోకమంతా మైండ్‌ఫుల్‌నెస్ పేరుతో అమ్ముడవుతున్న సరుకును 1980ల్లోనే చావుబతుకుల మధ్య ఉన్నవాళ్లకు పనిముట్టుగా ఇచ్చినవాళ్లలో ఆమె ముందువరసలో ఉంటుంది.

చికిత్స లోపల ఏం జరుగుతుందో చూడాలంటే హాస్టల్ అమ్మాయినే తీసుకోవాలి. ఆమె వారానికోసారి థెరపిస్టును ఒంటరిగా కలుస్తుంది. ఇంకోసారి క్లాసులాంటి గుంపులో నైపుణ్యాలు నేర్చుకుంటుంది: మనసును గమనించడం, బాధను కాసేపు తట్టుకోవడం, భావోద్వేగాన్ని సర్దుకోవడం, మనుషులతో తెగకుండా మాట్లాడటం. రోజూ ఒక కార్డు నింపుతుంది: ఇవాళ చావాలనిపించిందా, ఎంత తీవ్రంగా, ఏం చేశావు. థెరపిస్టు ముందు ఆ కార్డే చూస్తుంది. గాయం చేసుకున్న రోజు కనిపిస్తే, మిగతా కబుర్లన్నీ పక్కనపెట్టి ఆ సాయంత్రాన్ని నిమిషం నిమిషంగా విప్పుతారు. ‘ఆరున్నరకు ముందు ఏం తిన్నావు?’ మధ్యాహ్నం అన్నం మానేసింది. ‘రాత్రి నిద్ర?’ మాక్ టెస్టుకు చదువుతూ మూడైంది. ‘టిక్కులు నీలమయ్యాక ఒంట్లో ఎక్కడేమైంది?’ ‘విసుగొచ్చేసిందన్న మాట ఎప్పుడు తట్టింది?’ ‘నాలుగో మెసేజికి, ఐదో మెసేజికి మధ్య ఏమైంది?’ పోలీసు విచారణలా వినిపిస్తుంది కానీ ఇందులో ముద్దాయి లేదు. ఎక్కడెక్కడ వేరే దారి ఉందో వెతకడమే పని. ఐదో మెసేజి దగ్గర మొహాన్ని చన్నీళ్లలో ముంచి ఉంటే గుండె వేగం తగ్గేది, అక్కడొక సందు ఉంది. అన్నం తినడం ఇంకో సందు.

నలుగురికీ వింతగా అనిపించే నియమం ఒకటుంది. గాయం చేసుకోవాలనిపిస్తే ముందుగా ఫోన్ చెయ్యి, ఏ నైపుణ్యం వాడాలో ఆ క్షణంలో చెబుతానంటుంది థెరపిస్టు. గాయం చేసుకున్నాక మాత్రం ఇరవై నాలుగు గంటలపాటు ఆ ఫోన్ సాయం ఉండదు. ప్రాణాపాయమైతే వేరు, ముందే కుదుర్చుకున్న అపాయింట్‌మెంట్ అయినా వేరు. వినగానే కర్కశంగా ఉంటుంది. కాసేపు ఆలోచిస్తే అందులోని మర్యాద కనిపిస్తుంది. గాయానికి బహుమానంగా ప్రేమ దొరకదు, గాయానికి శిక్షగా ప్రేమ పోదు కూడా. రేపు యథావిధిగా కలుద్దాం. ఇంకో నియమం థెరపిస్టుల మీద: వాళ్లు ప్రతివారం తమలో తాము కలిసి కూర్చోవాలి. రోగి మీద విసుగొస్తే, ‘ఇదంతా నాటకం’ అన్న మాట నోట్లోకొస్తే, అక్కడ పెట్టాలి. వైద్యం చేసేవాళ్లకూ వైద్యం కావాలని ముందే ఒప్పుకున్న పద్ధతి ఇది. 1988 నాటి ఆ సైకియాట్రిస్టులకు ఇలాంటి గది ఉండి ఉంటే ఏం రాసేవారో.

డీబీటీ మీద 1991లో ఫలితాలొచ్చిన మొదటి పరీక్ష చిన్నదే, 44 మంది స్త్రీలు, ఏడాది కాలం. డీబీటీ తీసుకున్నవాళ్లలో తమను గాయపరచుకోవడం తగ్గింది, ఆస్పత్రిలో ఉన్న రోజులు తగ్గాయి, చికిత్స మధ్యలో మానేసినవాళ్లు బాగా తక్కువ. దిగులు, నిరాశ మాత్రం మామూలు చికిత్సవాళ్లతో పోలిస్తే తేడాగా తగ్గలేదు. ఇది ఓటమిలా కనిపించవచ్చు. నిజానికి ఇందులో ఒక తాత్విక సంగతి దాగి ఉంది: లోపల అంతే చీకటిగా ఉన్నా బయటి చేష్ట మారగలదు. మనసు బాగుపడితేనే నడవడి బాగుపడుతుందని మన ప్రవచనాలన్నీ చెబుతాయి. ఇక్కడ వరుస తిరగబడింది.

తత్వవేత్త హానా పికార్డ్ ఆక్స్‌ఫర్డ్ ప్రాంతంలో ఇలాంటి రోగుల చికిత్సా సమూహంలో పనిచేసి, 2011లో ఒక వ్యాసం రాసింది. ఆమె వాదన సూటిగా ఉంటుంది. గాయం చేసుకోవడం, వస్తువులు విసరడం, తిట్టడం ఆపమని చికిత్స అడుగుతోంది. రోగికి వాటి మీద కొంతైనా పట్టు లేకపోతే అలా అడగడమే అర్థంలేని పని. కాబట్టి పట్టు ఉంది, మామూలు మనిషికున్నంత కాకపోయినా ఉంది. పట్టు ఉన్నచోట బాధ్యత ఉంది. అయితే బాధ్యత ఉందని గుర్తించడం ఒకటి, కోపంతో చీదరించుకునే హక్కు మనకుందనుకోవడం ఇంకోటి. రెండోది మొదటిదాని వెనకాల నీడలా రావాల్సిన పనిలేదు. మంచి నర్సులు, మంచి థెరపిస్టులు రోజూ ఈ రెంటినీ విడదీసి చూపిస్తున్నారని ఆమె కళ్లారా చూసి చెప్పింది.

దీని వెనక తత్వవేత్త పీటర్ స్ట్రాసన్ 1962లో చేసిన ప్రసంగం ఉంది. మనిషిని మనిషిగా చూడటమంటే అతని మీద కోపం, కృతజ్ఞత, క్షమ అన్నీ కలిగేలా చూడటమే. పిచ్చివాడనో పసివాడనో అనుకున్నప్పుడు ఇవన్నీ ఆపేసి, ‘ఇతన్ని ఎలా సంబాళించాలి’ అని వస్తువును చూసినట్టు చూస్తాం అన్నాడాయన. ఈ విభజనలో నిజం ఉంది. ‘పాపం, దానికి బాలేదులే’ అని ఇంటిల్లిపాదీ జాగ్రత్తగా మాట్లాడుతుంటే ఆ అమ్మాయికి కలిగే అవమానం తిట్లు తిన్నప్పటికన్నా తక్కువేమీ కాదు. స్ట్రాసన్‌కు రెండే గదులు కనిపించాయి. పికార్డ్ మూడోది చూపించింది. ఆ గదిలో ఎక్కువసేపు నిలబడటం ఎంత కష్టమో ఆమె వ్యాసం చదివితే తెలియదు, ఇలాంటి మనిషితో ఒక ఇంట్లో ఉంటే తెలుస్తుంది.

మతాల్లో ఈ మూడో గది లేదా? ఉంది. అంగుళిమాలుడి కథ అందరికీ తెలుసు, వేళ్ల దండ వేసుకున్న హంతకుడు భిక్షువైన కథ. పాలి సుత్తంలో కథ అక్కడితో అయిపోదు. భిక్షాటనకు వెళ్తే జనం రాళ్లేస్తారు. తల పగిలి, పాత్ర ముక్కలై, చీవరం చిరిగి తిరిగొస్తాడు. బుద్ధుడు అతన్ని ‘నీకిలా కావాల్సిందే’ అనడు. ‘వాళ్లు మూర్ఖులు, నువ్వు మారిపోయావు’ అని కూడా అనడు. ఓర్చుకో, చేసినదాని ఫలితమిది అంటాడు. సంఘంలోంచి పొమ్మనడు. కర్మ మాటను వేలెత్తి చూపకుండా వాడటం ఎలాగో అక్కడ కనిపిస్తుంది. ఒక్క తేడా: అంగుళిమాలుడు చేసినవి హత్యలు, హాస్టల్ అమ్మాయి నష్టపరిచింది ఎక్కువగా తననే.

డీబీటీనే గొప్పదనుకుంటే అదొక మతమైపోతుంది. ఆ ప్రమాదం నిజంగానే ఉంది, వర్క్‌షాపులు, సర్టిఫికెట్లు, శిష్యగణం అన్నీ ఉన్నాయి. లండన్‌లో ఆంథనీ బేట్‌మన్, పీటర్ ఫోనగీ వేరే దారి పట్టారు. ఎదుటివాడి మనసులో ఏముందో తెలిసిపోయిందన్న మొండి నమ్మకాన్ని సడలించి, ‘ఏమై ఉంటుంది?’ అని ఆలోచించే శక్తిని పెంచడం వాళ్ల పద్ధతి. చికిత్స మొదలైన ఎనిమిదేళ్లకు చూస్తే, అది తీసుకున్నవాళ్లలో 13 శాతానికి, మామూలు చికిత్స తీసుకున్నవాళ్లలో 87 శాతానికి జబ్బు లక్షణాలు సరిపడా మిగిలాయి. చిన్న గుంపు మీద చేసినదే అయినా తేడా చిన్నది కాదు. 2009లో టొరంటోలో షెలీ మెక్‌మెయిన్ బృందం 180 మందిని రెండుగా చేసి, సగం మందికి డీబీటీ, సగం మందికి అనుభవజ్ఞులైన సైకియాట్రిస్టుల పద్ధతైన సాధారణ చికిత్స ఇచ్చింది. ఏడాది తర్వాత రెండు గుంపులూ ఇంచుమించు సమానంగా బాగుపడ్డాయి. జెన్ లేకుండా, నాగార్జునుడు లేకుండా! రెంటిలోనూ ఉన్నవి మాత్రం ఇవి: స్పష్టమైన కట్టుబాటు, రోగి మాటను కొట్టిపారేయని వైద్యుడు, ‘నువ్వు చేయగలవు, చేయాలి’ అన్న ఎదురుచూపు.

మందుల సంగతి పొట్టిగానే చెప్పాలి, చెప్పడానికి అంతే ఉంది కాబట్టి. ఈ జబ్బుకని అమెరికా ఔషధ సంస్థ ఆమోదించిన మందు ఒక్కటీ లేదు. తోడుగా ఉన్న డిప్రెషన్‌కో మరోదానికో వాడవచ్చు తప్ప ఈ జబ్బు కోసమే మందులివ్వొద్దని బ్రిటన్ మార్గదర్శకాలు 2009లోనే చెప్పాయి. లామోట్రిజీన్ అనే మందు మీద అక్కడే 276 మందితో చేసిన పరీక్షలో ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా రాలేదని 2018లో ప్రకటించారు. అయినా చాలామంది రోగుల సంచీల్లో మూడు నాలుగు రకాల మాత్రలు ఉంటూనే ఉన్నాయి.

ఇది ఎన్నటికీ నయంకాదన్న పాత నమ్మకాన్ని పడగొట్టింది పరిశోధకురాలు మేరీ జానరినీ. బోస్టన్ దగ్గర మెక్లీన్ ఆస్పత్రిలో చేరిన 290 మంది బోర్డర్‌లైన్ రోగులను ఆమె 1990ల తొలినాళ్ల నుంచి రెండేళ్లకోసారి పలకరిస్తూ వచ్చింది. పదహారేళ్లలో 99 శాతం మందికి కనీసం రెండేళ్లపాటు జబ్బు లక్షణాలు సర్దుకున్నాయి. దూకుడు, గాయాలు ముందు తగ్గాయి, ఖాళీతనం, ఒంటరితనపు భయం ఆలస్యంగా తగ్గాయి. లక్షణాలు సర్దుకోవడంతోపాటు ఉద్యోగమో చదువో నిలబెట్టుకుని, ఒక్క దగ్గరి మనిషైనా ఉండి, రెండేళ్లు గడిపినవాళ్లు మాత్రం 60 శాతమే. మిగతా నలభై శాతం మందికి ఆస్పత్రి చేయగలిగింది అయిపోయింది, ఊరు చేయాల్సింది మొదలే కాలేదు.

మన దేశంలో నింద చట్టంలోనే ఉండేది. ఐపీసీ 309వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించి బతికితే ఏడాది దాకా జైలు. ఆ సెక్షన్ రాజ్యాంగబద్ధమేనని 1980ల చివర్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంది. 1994లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, 1996లో అదే కోర్టు తిరిగి నిలబెట్టింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్‌తో లెక్క మారింది: అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వానిది. 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత సెక్షన్ లేదు, ప్రభుత్వోద్యోగి మీద విధుల విషయంలో ఒత్తిడి తేవడానికి ఆత్మహత్యకు ప్రయత్నిస్తే మాత్రం ఇంకా నేరమే. చట్టం మారిన సంగతి క్యాజువాలిటీకి ఇంకా పూర్తిగా చేరలేదు. రాత్రి పదకొండింటికి కట్టు కడుతూ ‘అమ్మానాన్నల గురించి ఆలోచించావా?’ అని అడగడం చికిత్సలో భాగమేననుకుంటారు కొందరు.

హైదరాబాద్‌లో మానసిక వైద్యశాల ఉన్న ఎర్రగడ్డ పేరే తిట్టుగా వాడుకలో ఉన్నంతకాలం, మొదటి అడుగు ఫోన్ మీద వేయడం తేలిక. 2022లో మొదలైన కేంద్ర ప్రభుత్వ టెలిమానస్ 14416 నంబరులో తెలుగులో మాట్లాడవచ్చు. పూర్తి డీబీటీ బృందం దొరకడం పెద్ద నగరాల్లోనే కష్టం, జిల్లాల్లో సరేసరి. దొరికేవరకూ పని చేయాల్సినవాళ్లు ఇంట్లోవాళ్లే. వాళ్ల మీద కూడా నింద కాచుక్కూర్చుని ఉంటుంది. ‘అయితే తప్పు మా పెంపకానిదా?’ అని మొదటి రోజే అడిగే తల్లులున్నారు. ఒకప్పటి మనోవిశ్లేషకులు అవునని మొహమ్మీదే చెప్పేవాళ్లు. అమెరికాలో ‘ఫ్యామిలీ కనెక్షన్స్’ పేరుతో పన్నెండు వారాల కోర్సు నడుస్తోంది, చాలాచోట్ల రోగుల బంధువులే బంధువులకు నేర్పుతారు. ఎవరి తప్పో వెతకడం అక్కడ మొదటి రోజే పక్కనపెడతారు.

నేర్చుకునేవి చిన్న చిన్న మాటలే. హాస్టల్ అమ్మాయి సెలవులకు ఇంటికొచ్చి, ఏదో మాటకు అన్నం కంచం విసిరికొట్టిందనుకోండి. తల్లి నోటికి మామూలుగా వచ్చేవి రెండు: ‘నిన్ను కన్నందుకు నాకీ శాస్తి కావాల్సిందే’ లేదా ‘పోనీలే తల్లీ, నేను ఎత్తేస్తాలే, నువ్వు పడుకో’. మూడోది నోరు తిరగడానికి వారాలు పడుతుంది. ‘నీ మాట మధ్యలో మీ నాన్న లేచి వెళ్లిపోతే కడుపు మండదూ, నాకూ మండుతుంది. కంచం విసరడం మాత్రం ఈ ఇంట్లో కుదరదు. చీపురు తలుపు వెనకాల ఉంది, ముక్కలు నువ్వెత్తు. కాళ్లకు చెప్పులు వేసుకో. తర్వాత ఇద్దరం తిందాం, నేనూ ఇంకా తినలేదు.’